సముద్రం ఒడ్డున పొద్దు పొడుపు ఫ్యామిలీ ఫొటోలు: నల్లగొండ, పాలమూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మనకు చెరువులున్నాయి, కృష్ణమ్మ ఉంది, సముద్రం మాత్రం లేదు. అందుకే నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు కుటుంబాలు బీచ్‌లో ఫొటోలు దిగాలంటే ఒకరోజు ప్రయాణం, ఒక రాత్రి రూము, తెల్లవారుజామున ఇంటిల్లిపాదినీ లేపడం తప్పవు. ఇంత చేసి పోయాక ముఖాల మీద అందంగా పడే వెలుగు ఉండేది నలభై నిమిషాలే. కింది జవాబులన్నీ ఆ నలభై నిమిషాలు చేజారకుండా చూసుకోవడం గురించే.

నల్లగొండ నుంచి పోతే ఏ బీచ్ దగ్గరయితది?

బాపట్ల జిల్లా తీరం. చీరాల పక్కన వాడరేవు, రామాపురం ఉన్నాయి. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు పోతే సూర్యలంక. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుని, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా దిగాలి. నల్లగొండ నుంచి కారులో అయిదు గంటలు పెట్టుకోండి. అందులో టీకి, పిల్లలకు ఆగడం కూడా కలిసే ఉంది.

సూర్యాపేట, నకిరేకల్, కోదాడ వాళ్లకు 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ మీదుగా నేరుగా మచిలీపట్నం దాకా పోతుంది. అక్కడికి దగ్గర్లోనే మంగినపూడి బీచ్. దారి సులువే గాని, అక్కడ తెల్లటి ఇసుక ఉంటుందనుకుని పోవద్దు. ఒడ్డంతా నల్లమన్ను. పాదాలకు, చీర అంచులకు అంటుకుంటే నీళ్లతో అక్కడికక్కడ వదలదు. తెల్లబట్టల ప్లాను ఉంటే బాపట్ల వైపే పోండి.

మహబూబ్‌నగర్ నుంచి?

ఏడెనిమిది గంటలు. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ చేరితే అక్కణ్నుంచి పైన చెప్పిన రోడ్డే. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వాళ్లు శ్రీశైలం మీదుగా దిగుదామనుకుంటారు. ఆ దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది. సాయంత్రం ఆలస్యంగా బయల్దేరితే గేటు దగ్గరే తెల్లారుతుంది.

రాత్రికి రాత్రి బయల్దేరి పొద్దు పొడిచేసరికి అందుకుంటే రూము ఖర్చు మిగులుతది కదా?

మిగులుతుంది, ఫొటోలు మాత్రం పోతాయి. రాత్రంతా కారులో కూర్చున్న వాళ్ల కళ్లు ఉబ్బి ఉంటాయి, పిల్లలు మధ్యనిద్రలో లేచి ఏడుస్తారు, చీరలు నలిగిపోతాయి. ఇంతకన్నా పెద్ద సంగతి డ్రైవరుది. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య కునుకు ఆపడం ఎవరి తరమూ కాదు. డిసెంబరు, జనవరిలో పొలాల మధ్య రోడ్డు మీద పొగమంచు దిగితే ముందు పోతున్న ట్రాక్టరు కూడా కనపడదు. ముందురోజు మధ్యాహ్నం బయల్దేరి, సాయంత్రం చీకటిపడక ముందే ఒడ్డు ఒకసారి చూసి, బాపట్లలోనో చీరాలలోనో పడుకోండి. ఆ సాయంత్రపు చూపుకు విలువ ఉంది. కారు ఎక్కడ ఆపాలి, పడవలు, వలలు ఎక్కడ ఉన్నాయి, ఏ పక్క చెత్త తక్కువ, ఇవన్నీ చీకట్లో వెతుక్కునే పని ఉండదు.

ఎన్ని గంటలకు ఒడ్డు మీద ఉండాలె?

పొద్దు పొడవడానికి ముప్పావుగంట ముందు. కారు దిగి, ఇసుకలో నడిచి, చీరలు సర్దుకుని, కుర్చీలు వేసేసరికి ఇరవై అయిదు నిమిషాలు పోతాయి.

బాపట్ల తీరంలో జనవరి మధ్యలో, అంటే సంక్రాంతికి, సూర్యుడు 6:40 ప్రాంతంలో వస్తాడు. ఉగాది రోజుల్లో 6:10 అటూ ఇటూ. మే చివర, జూన్ మొదట్లో 5:35కే. దసరా అక్టోబరు మధ్యలో వస్తే సరిగ్గా 6 గంటలకు. ఫోన్‌లో సూర్యోదయం టైం చూసేటప్పుడు ఊరి పేరు బాపట్ల అని మార్చి చూడండి. సూర్యుడు అక్కడ నల్లగొండ కంటే దాదాపు అయిదు నిమిషాలు, మహబూబ్‌నగర్ కంటే పది నిమిషాలు ముందు పొడుస్తాడు. నలభై నిమిషాల పనిలో పది నిమిషాలంటే నాలుగో వంతు.

వెలుగు ఎంతసేపు మంచిగ ఉంటది? ఏది ముందు తీయాలె?

పొద్దు పొడవడానికి ఇరవై నిమిషాల ముందు నుంచే ఆకాశం తెల్లబడుతుంది. అప్పుడు నీడలు ఉండవు, ముఖాలు మెత్తగా వస్తాయి. సూర్యుడు నీళ్ల మీదికొచ్చాక మన తీరంలో ఒక్కో డిగ్రీ ఎక్కడానికి నాలుగు నిమిషాల చొప్పున తీసుకుంటాడు. నలభై నిమిషాలకు పది డిగ్రీల ఎత్తు. అది దాటితే కళ్లు చిట్లించడం, ముక్కు కింద నల్లనీడ మొదలవుతాయి.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. సూర్యుడు రాకముందు పెద్దవాళ్లవి, వాళ్లు అలిసిపోకముందే. సూర్యుడు నీళ్లను తాకినట్టుండే రెండు మూడు నిమిషాల్లో నల్లబొమ్మల్లా వచ్చే నీడ ఫొటోలు. ఆ తర్వాత పావుగంటలో మొత్తం కుటుంబం. అప్పుడు సూర్యుడి వైపు చూసినా కళ్లు మూతపడవు. ఆపైన పిల్లల పరుగులు, జంటలు. ఒక్కొక్కరివి చివరికి. చాలామంది దీన్ని తలకిందులు చేసి ముందు జంటల ఫొటోలు మొదలుపెడతారు. పది మంది ఒడ్డున నిలబడి చూస్తుంటారు, వెలుగు వాళ్లకోసం ఆగదు.

సూర్యుడు సరిగ్గా సముద్రం మధ్యలో నుంచి వస్తడా?

సూర్యలంకలో రాడు. క్యాలెండర్ బొమ్మ మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. తూర్పుతీరం అనగానే ఒడ్డు తూర్పుకే తిరిగి ఉంటుందనుకుంటాం. బాపట్ల దగ్గర తీరం వంపు తిరిగి దక్షిణం వైపు ఎక్కువగా చూస్తుంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే సూర్యుడు ఎడమచేతి వైపు వస్తాడు. డిసెంబరు, జనవరిలో ఎడమపక్కగా నీళ్ల మీద నుంచే వస్తాడు. జూన్‌లో అయితే దాదాపు ఒడ్డుగీత వెంబడే, ఎడమ చివర. వాడరేవు దగ్గర తీరం ఇంకొంచెం తూర్పుకు తిరిగి ఉంటుంది, అందుకని సూర్యుడు నీళ్ల మీదే కావాలనుకునేవాళ్లకు అది నయం.

దీనివల్ల నష్టమేమీ లేదు. సముద్రం వీపుకు పెట్టి నిలబడితే వెలుగు పక్క నుంచి పడుతుంది. ముఖానికి ఒకవైపు బంగారు రంగు, రెండోవైపు మెత్తటి నీడ. ఎదురుగా నిలబెట్టి తీసిన ఫొటో కంటే ఇదే బాగుంటుంది. అందరి భుజాలనూ కొంచెం సూర్యుడి వైపు తిప్పితే చాలు.

ఏ నెలలో పోతే మంచిది?

డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా. ఉక్కపోత తక్కువ, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఒక్క సంగతి, జనవరిలో నీళ్ల మీద మంచుపొర ఉంటే సూర్యుడు టైముకు పొడిచినా పది పదిహేను నిమిషాల తర్వాత గాని కనపడడు. రాలేదని సర్దుకుని వెళ్లిపోకండి.

పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లు అందరూ ఇంట్లో కలిసేది దసరాకు, సంక్రాంతికే. దసరా రోజులు ఈ పనికి నమ్మకం లేనివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. దసరాకే తప్పదనుకుంటే రూము డబ్బు వాపసు వచ్చేలా మాట్లాడుకుని, బయల్దేరే ముందురోజు వాతావరణశాఖ హెచ్చరికలు చూడండి. కార్తీక పున్నమికి సూర్యలంకలో సముద్ర స్నానాల జనం ఉంటారు. ఫొటోకు ఖాళీ ఒడ్డు దొరకదు. మేలో సెలవులున్నా ఆరున్నరకే చెమట పట్టి బొట్టు జారుతుంది.

పోటు, పాటు చూసుకోవాలెనా?

చూసుకోవాలి. సముద్రం రోజుకు రెండుసార్లు ముందుకొస్తుంది, అది పోటు. రెండుసార్లు వెనక్కి పోతుంది, అది పాటు. ఈ వేళ ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. మీ బంధువులు పోయినవారం పొద్దున్నే విశాలమైన ఒడ్డు చూశామన్నారంటే, మీరు పోయే వారం అదే వేళకు పోటు ఉండొచ్చు. అమావాస్య, పున్నమి రోజుల్లో తేడా ఎక్కువ. ఫొటోకు కావలసింది పాటు వేళ. నీళ్లు వెనక్కి పోయి తడిసిన ఇసుక అద్దంలా మెరుస్తుంది, ఆకాశం, మనుషులు అందులో తలకిందులుగా కనపడతారు. టైడ్ టైం చూపించే యాప్‌లు ఉన్నాయి. అంతకన్నా నమ్మకం ముందురోజు సాయంత్రం ఒడ్డున వలలు సర్దుకునే మత్స్యకారులను అడగడం. రేపు పొద్దున పోటా పాటా అంటే వెంటనే చెప్తారు.

ఏం బట్టలు కట్టుకోవాలె?

అందరూ ఒకే రంగు కట్టుకోవద్దు. దూరం నుంచి యూనిఫాం వేసుకున్నట్టు ఉంటుంది, పైగా పక్కపక్కన నిలబడితే ఎవరి చేయి ఎవరిదో తెలియదు. రెండు మూడు కలిసే రంగులు తీసుకోండి. గోధుమ, పసుపు, ఇటుక రంగు, లేత నీలం సముద్రం ముందర నిలబడతాయి. ఫ్లోరోసెంట్ పచ్చ, రాణీ పింక్ బట్టల మెరుపు గడ్డం కింద, పక్కవాళ్ల బుగ్గల మీద పడుతుంది. ఎడిటింగ్‌లో అది తీయడం పెద్ద తలనొప్పి. సన్నటి చారలు, చిన్న గళ్ల చొక్కాలు కూడా వద్దు, ఫొటోలో అలలు అలలుగా కనపడతాయి.

చీరల్లో మన దగ్గరివే ఈ పనికి బాగా సరిపోతాయి. నారాయణపేట కాటన్ తేలిక, గాలికి లేచినా మళ్లీ పడుతుంది, సముద్రపు నీళ్లు తగిలినా ఉతికితే పోతుంది. గద్వాల చీర అయితే జాగ్రత్త. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. ముందుగా తడిసేదే ఆ అంచు. ఉప్పునీళ్లు ఆరితే పట్టు మీద తెల్లచారలు పడతాయి, జరీ నల్లబడుతుంది. గద్వాల కట్టుకునేవాళ్లను పొడి ఇసుక మీదే నిలబెట్టండి. పోచంపల్లి ఇక్కత్ చాలా అందంగా వస్తుంది, కాకపోతే ఒకే ఫ్రేములో ఇద్దరు ముగ్గురు కట్టుకుంటే డిజైన్లు కొట్టుకుంటాయి.

చీర చీలమండ పైకి రెండు అంగుళాలు ఉండేలా కట్టుకోవాలి, ఇసుకలో తొక్కుకోకుండా. కుచ్చిళ్లకు లోపలి నుంచి ఒక పిన్ను, భుజానికి రెండు. మగవాళ్ల తెల్లపంచె తడిస్తే లోపలివన్నీ కనపడతాయి, పంచె కట్టుకున్నవాళ్లు నీళ్లకు దూరం. మల్లెపూలు తలకు అందం, కనకాంబరం అయితే ఇంకా కనపడుతుంది. చెప్పులు లేకుండా దిగండి, కాకపోతే గవ్వల ముక్కలు, గాలాలు, సీసా పెంకులు ఉంటాయేమో నిలబడే చోటు ముందు ఒకరు చేత్తో సర్దాలి.

గాలికి జుట్టు, కొంగు ఆగుతయా?

తెల్లవారుజామున గాలి సాధారణంగా నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. సముద్రం వీపుకు పెట్టి నిలబడితే గాలి ఎదురుగా తగిలి జుట్టు వెనక్కి పోతుంది. ఎండ ముదిరాక గాలి తిరగబడి సముద్రం నుంచి వస్తుంది, అప్పుడు జుట్టంతా ముఖం మీదికే. తొందరగా ముగించడానికి ఇదొక కారణం.

మా అవ్వ, తాత ఇసుకలో నడవలేరు. వాళ్లను తీసుకపోవుడు ఎట్ల?

ఈ ప్రయాణమంతా చాలా ఇళ్లల్లో వాళ్ల కోసమే. కాబట్టి ప్లాను వాళ్లతో మొదలుపెట్టండి, చివర్లో కలపకండి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మెడ, మోకాళ్లు పట్టేసినవాళ్లు ఉన్నారు. వాళ్లను ఇసుకలో కూర్చోబెట్టవద్దు. కూర్చున్నా లేవలేరు, లేపేటప్పుడు నొప్పి. ప్లాస్టిక్ స్టూలు కూడా వద్దు. చేతులూ వీపూ ఉన్న కుర్చీ కావాలి. మెత్తటి ఇసుకలో కుర్చీ కాళ్లు ఒకవైపు దిగబడి మనిషి ఒరిగిపోతాడు. నాలుగు కాళ్ల కింద ఒక ప్లైవుడ్ చెక్క గానీ, మందపాటి పీట గానీ వేయండి, పైన ఇసుక చల్లితే ఫొటోలో కనపడదు. నీటి అంచుకు దగ్గరగా ఉండే గట్టి తడి ఇసుక నడవడానికి పొడి ఇసుక కంటే సులువు. అయినా అక్కడిదాకా పొడి ఇసుక దాటాలి. ఇద్దరు మనుషులు, చెరో పక్క, చంకల కింద కాకుండా మోచేతుల దగ్గర పట్టుకోవాలి. దూరం ఎక్కువైతే కుర్చీతో సహా మోయొచ్చు.

మెడ పైకి లేవని తాతను ఫొటోగ్రాఫర్ నిలబడి తీస్తే నుదురు, తలపాగా తప్ప ముఖం రాదు. కెమెరాను ఆయన కళ్ల ఎత్తుకు దించాలి, అవసరమైతే ఇంకా కింద నుంచి. గూని ఉన్న అవ్వ పక్కన మనవళ్లను నిటారుగా నిలబెడితే ఆమె ఇంకా వంగినట్టు కనపడుతుంది. మనవళ్లనే ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చోబెడితే అందరి ముఖాలూ ఒకే వరసలోకి వస్తాయి. “కొంచెం నిటారుగా కూర్చో నాయనమ్మా” అని పదిసార్లు అనకండి. ఆమె కూర్చోగలిగితే కూర్చునేదే. చేతుల ఫొటో ఒకటి విడిగా తీయండి, మనవరాలి చేతిలో అవ్వ చేయి, గాజులతో సహా. ఏళ్లు గడిచాక ఇంట్లో ఎక్కువసార్లు తీసి చూసేది అదే.

పొద్దున ఇసుక చల్లగా ఉంటుంది, శాలువా, సాక్సులు పెట్టుకోండి. బీపీ, షుగర్ మాత్రల వేళ తప్పనివ్వద్దు. షుగర్ ఉన్నవాళ్లను ఖాళీ కడుపుతో తేవద్దు, రెండు బిస్కెట్లయినా తిని రావాలి. వాళ్ల ఫొటోలు అయిపోగానే కారు దగ్గరికి చేర్చి, టీ ఇచ్చి, ఒకరు తోడుండాలి.

చిన్నపిల్లలు ఏడిస్తే?

ఏడుస్తారు. అలల చప్పుడు మొదటిసారి విన్న రెండేళ్ల పిల్లకు అది భయమే. ముందురోజు సాయంత్రం పదిహేను నిమిషాలు ఒడ్డు చూపిస్తే పొద్దున సగం భయం తగ్గుతుంది. పాలు, ఇడ్లీ ముక్క రూములోనే పెట్టి తీసుకురండి. చేతికి చాక్లెట్ ఇవ్వొద్దు, మూతీ గౌనూ ఒకటవుతాయి. మరమరాలు, సకినం ముక్క నయం. కెమెరా వైపు చూడమని నలుగురు నాలుగు వైపుల నుంచి పిలిస్తే పిల్ల ఎటూ చూడదు. ఒక్కరే, ఫొటోగ్రాఫర్ తల వెనక నిలబడి పిలవాలి. నవ్వించే పని మేనమామకో చిన్నాయనకో అప్పగించండి, తల్లికి వద్దు. తల్లి ఫ్రేములో ఉండాలి కదా.

ఆరు నెలల లోపు పసిపిల్లలను చెవులు మూసే టోపీతో తెచ్చి, రెండు ఫొటోలు తీసి, కారులోకి పంపేయండి.

మేము పదిహేను మందిమి. అందరూ ఒక ఫొటోల ఎట్ల నిలబడాలె?

నడుమ కుర్చీల్లో తాత, నాయనమ్మ. వెనక ఒకపక్క కొడుకులు, కోడళ్లు, ఇంకోపక్క బిడ్డలు, అల్లుళ్లు. పిల్లలు ముందు కూర్చుంటారు. పొడుగువాళ్లను చివర్లలో పెట్టకుండా నడుమకు తెండి. మనుషుల మధ్య ఖాళీ ఉంటే సముద్రం ముక్కలు ముక్కలుగా కనపడుతుంది, భుజం వెనక భుజం పెట్టి దగ్గరకు జరగాలి. సముద్రం గీత ఎవరి మెడ వెనక నుంచీ పోకుండా చూడండి, తల కోసినట్టు ఉంటుంది. కెమెరా కొంచెం పైకో కిందికో జరిపితే ఆ గీత భుజాల కిందికి గాని తలల పైకి గాని పోతుంది.

అదే భంగిమలో కనీసం పది పన్నెండు క్లిక్‌లు కొట్టాలి. పదిహేను మందిలో ఒకరిద్దరు కళ్లు మూయడం ఖాయం, తర్వాత ఒక ఫొటోలోని ముఖం ఇంకోదానిలో అతికించొచ్చు.

ఎవరికీ గుర్తురాని ఫొటో ఒకటి ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాత్రమే, పెళ్లాలూ మొగుళ్లూ పిల్లలూ లేకుండా. తప్పకుండా తీయించుకోండి.

కెమెరా సెట్టింగులు చెప్తరా?

పొద్దు పొడిచిన వెంటనే గ్రూపుకు ఎఫ్ 5.6 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), షట్టర్ వేగం సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ (వెలుగును పట్టే శక్తి) 400 నుంచి 800. రెండు వరసలుంటే ఎఫ్ 8, ఫోకస్ ముందు వరస కళ్ల మీద. పిల్లలు పరుగెత్తితే షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకూడదు, లేకపోతే కాళ్లు చెదిరిపోతాయి. అరగంట గడిచాక ఐఎస్ఓ 100, 200కు దించేయొచ్చు. గ్రూపుకు 35 లేదా 50 మి.మీ. లెన్స్, ఒక్కొక్కరికి 85. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే కెమెరా ఆ బంగారు రంగును తప్పనుకుని చల్లబరుస్తుంది, ‘క్లౌడీ’లో పెట్టండి. రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫైల్) తీయండి, రెండు కార్డుల కెమెరా అయితే రెండింటిలోనూ ఎక్కించండి. ఒడ్డున లెన్స్ మార్చవద్దు.

సూర్యుడు వెనకుంటే ముఖాలు నల్లగ వస్తున్నయి. ఎందుకు?

వెనక ఆకాశం చాలా వెలుగు, కెమెరా దాన్ని లెక్కలోకి తీసుకుని మొత్తం ఫొటోను ముదురు చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే వెలుగు రెట్టింపు చేయండి, ఆకాశం కొంచెం తెల్లబోయినా ముఖాలు దక్కుతాయి. లేదా వెండిరంగు రిఫ్లెక్టర్‌తో వెలుగును తిప్పి కొట్టండి. పట్టుకునేవాళ్లు గట్టిగా పట్టుకోవాలి. థర్మాకోల్ షీటు గాలికి విరిగి ఒడ్డంతా తెల్లగింజలు రాలతాయి, అది తేవద్దు. ఫ్లాష్ వాడితే షట్టర్ వేగం మామూలుగా సెకనులో 200వ వంతు దాటకూడదు, దాటితే ఫొటోలో నల్లపట్టీ వస్తుంది.

లెన్స్ మీద పొగ కమ్మింది, తుడిస్తే మళ్ల వస్తున్నది.

రాత్రంతా ఏసీ రూములో చల్లబడిన అద్దం మీద సముద్రపు తడిగాలి తగిలితే చుక్కలు కడుతుంది. చల్లటి స్టీలు గ్లాసు చుట్టూ చెమట పట్టినట్టే. తుడిస్తే లాభం లేదు, అద్దం వేడెక్కాలి. బ్యాగును బయల్దేరడానికి గంట ముందే ఏసీ లేని చోట, మూతవేసి పెట్టండి. కారులోనూ ఏసీ ఆపి కిటికీలు దించండి. ఫోన్‌కూ ఇదే.

మా దగ్గర ఫోనే ఉంది. అయితదా?

అవుతుంది. ముందు లెన్స్ తుడవండి, ఉప్పు తుంపరకు అరగంటకోసారి మసకబారుతుంది. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే ఆగుతుంది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరిపి వెలుగు సరిచేసుకోవచ్చు. 0.5 లెన్స్‌తో గ్రూపు తీస్తే చివర్లో ఉన్నవాళ్లు వెడల్పుగా సాగిపోతారు. నాలుగడుగులు వెనక్కి పోయి 1 లేదా 2తో తీయండి. పోర్ట్రెయిట్ మోడ్ ఎగిరే జుట్టును, పూలదండను సగం మాయం చేస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపకపోతే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, ప్రింటుకు పనికిరాదు.

నీళ్లల్ల దిగి తీయించుకోవచ్చునా?

చీలమండల దాకా. మోకాళ్లు దాటొద్దు. సూర్యలంక, రామాపురం, వాడరేవు తీరాల్లో లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, మునిగి ప్రాణాలు పోయిన ఘటనలు పదేపదే జరిగాయి. చెరువులో, బావిలో ఈత నేర్చినవాళ్లకు ధైర్యం ఎక్కువ, కాని చెరువు నీళ్లు మనిషిని వెనక్కి లాగవు. అలలు విరగకుండా మధ్యలో ప్రశాంతంగా కనపడే చోటే లోపలికి లాగే చోటు కావొచ్చు. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగేటప్పుడు ఒక మనిషి కెమెరాను కాదు, అలలను చూస్తూ ఉండాలి. ఫ్రేము బయట నిలబడే ఆ ఒక్కరిని ముందే నిర్ణయించండి. పోలీసులు ఎర్రజెండా పెట్టినా, వద్దన్నా దిగొద్దు.

డ్రోన్ ఎగరేయొచ్చునా?

సూర్యలంకలో వద్దు. అక్కడ భారత వాయుసేన కేంద్రం ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. 250 గ్రాముల లోపు చిన్నడ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజమే గాని, నిషేధం ఉన్న చోట అది కూడా కుదరదు.

ఒడ్డున తాబేలు కనపడితే?

జనవరి నుంచి వేసవి మొదటిదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. దూరంగా ఉండండి, ఫ్లాష్, టార్చి వేయొద్దు, పిల్లలను పైన కూర్చోబెట్టి ఫొటో అసలే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది.

ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం అడగాలె?

ప్రయాణం, రూము, భోజనం ఖర్చు ఎవరిది? ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తారు, మిగతావి ఇస్తారా? తుపానో వానో వస్తే అడ్వాన్స్ ఇంకో తేదీకి మారుతుందా? రెండో కెమెరా ఉందా? ఫొటోలు ఎన్నాళ్లు దాచిపెడతారు? ఇవి కాగితం మీద గానీ వాట్సాప్‌లో గానీ రాయించుకోండి. నోటిమాట మీద పోయిన చోటే గొడవలు. 12×36 ఆల్బం అన్నారంటే ఒక పేజీ తెరిస్తే వచ్చే వెడల్పు అది, కాగితం రకం కూడా అడగండి. గోడకు 12×18 అంగుళాల ప్రింటు నాణ్యంగా రావాలంటే దాదాపు 20 మెగాపిక్సెళ్ల ఫైల్ కావాలి. కత్తిరించిన ఫొటో అయితే అందులో మెగాపిక్సెళ్లు తగ్గిపోతాయి.

వచ్చినంక కెమెరా, బట్టలు ఎట్ల శుభ్రం చేయాలె?

అదే రోజు చేయాలి. ఇసుకను ముందు బ్లోయర్‌తో ఊదాలి, నోటితో కాదు. గింజ పోకముందే గుడ్డతో రుద్దితే గీత పడుతుంది. తర్వాత మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా పైభాగం తుడవండి. ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. నూలు బట్టలు సబ్బుకంటే ముందు రెండుసార్లు మంచినీళ్లలో జాడించాలి. పట్టు అంచు తడిస్తే పిండకుండా మంచినీళ్లు తగిలించి నీడన ఆరేసి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. ఎండలో వేస్తే చార అలాగే ఉండిపోతుంది.

సముద్రం దాకా పోలేం. ఇక్కడనే అట్లాంటి ఫొటోలు అయితయా?

అవుతాయి, పెద్దవాళ్లు ప్రయాణం చేయలేని ఇళ్లకు ఇదే మంచి దారి. నల్లగొండ పక్కన పానగల్‌లో ఉదయసముద్రం ఉంది, పేరులోనే సముద్రం ఉన్న చెరువు. దేవరకొండ వైపు సాగర్ వెనకజలాల మీద వైజాగ్ కాలనీ, కొల్లాపూర్ దగ్గర సోమశిల, పాలమూరులో కోయిల్‌సాగర్ ఉన్నాయి. ఎక్కడికి పోయినా నీళ్లకు పడమటి గట్టున నిలబడితే పొద్దు నీళ్ల మీద నుంచి వస్తుంది. సోమశిల, వైజాగ్ కాలనీలకు వానాకాలం చివర నుంచి జనవరి దాకా పోండి. వేసవిలో నీళ్లు వెనక్కి పోయి పగిలిన బురద మిగులుతుంది, పైకి ఎండినట్టున్నా కాలు పెడితే మోకాలిదాకా దిగుతుంది.

సముద్రానికి పోయేవాళ్లు కూడా పది రోజుల ముందు ఉదయసముద్రం గట్టున ఒక పొద్దున అవే బట్టలతో, అవే కుర్చీలతో ఒకసారి నిలబడి చూసుకుంటే మంచిది. ఏ చీర రంగు కొట్టుకుంటుందో, తాత ఎంతసేపు కూర్చోగలడో, ఇంట్లో అందరినీ లేపి కారెక్కించడానికి నిజంగా ఎంత టైం పడుతుందో అక్కడే తెలిసిపోతుంది.